పెన్నలో పోసుకున్న నీళ్లు

జమ్మలమడుగు,
9 డిసెంబరు 1962

బాలన్న మామకు ఈశ్వరమ్మ నమస్కారాలు.

క్షేమం అని రాయడానికి చేయి రావడం లేదు మామా. తమ్ముడు పోయాడు. మన హుసేనప్ప. నిన్న మధ్యాహ్నం తంతి వచ్చింది. ఇంగ్లీషులో ఉందని పోస్టుమాన్ దాన్ని ఇంటికి కాకుండా నేను పనిచేసే ఆస్పత్రికి తెచ్చాడు. డాక్టరమ్మ చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, నా చేయి పట్టుకుంది. చైనా వాళ్లతో యుద్ధంలో, తూర్పు కొండల్లో, పోయిన నెలలో చనిపోయాడంట. మనిషిని తెచ్చే వీలు లేదంట. అంతే ఉంది అందులో.

అమ్మ అప్పుడు తల్లి చచ్చిన గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. చెప్పాను. పిల్ల కడుపు నిండేదాకా సీసా దించలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "మీ నాయనకెవురు చెప్తారు?"

అందుకే ఈ ఉత్తరం. నాయన ఎప్పటిలాగే మందను తోలుకుని మీ సింహాద్రిపురం పక్కకు వచ్చి ఉన్నాడు. శనక్కాయలు పీకిన చేలల్లో ఎరువు కోసం మంద నిలుపుతుంటాడు. నీ బడికి దగ్గరే ఎక్కడో ఉంటాడు, వెతికి చెప్పి పంపించు. దినాలు ఆయన రాకుండా జరగవు.

ఆయన మాట నీకు తెలుసు కానీ ఆ రోజు నువ్వు చూడలేదు. కడపలో పంతులు ట్రైనింగులో ఉన్నావు. నాలుగేళ్ల కిందట తమ్ముడు మందను విడిచి, ప్రొద్దుటూరుకు పోయి, పట్టాళంలో పేరు ఇచ్చి వచ్చాడు కదా. నాయన ఒక్క మాట అనలేదు. నేరుగా పెన్నకు పోయాడు. ఏరు నిండుగా పారుతోంది. మునిగి, తడిబట్టలతో వీధి నడుమ నడిచి వచ్చి, అందరూ వినేటట్టు, "నా కొడుక్కు నీళ్లు పోసుకున్నా. నాకుండేది ఇంక ఆడబిడ్డొకటే" అన్నాడు. చచ్చినవాళ్లకు పోసుకునే నీళ్లు మామా, బతికుండి బ్యాగు సర్దుకుంటున్న పిల్లవాడికి! తమ్ముడు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి వాడి పేరు నాయన నోట రాలేదు.

ఇద్దరు పురిట్లోనే పోయాక పీర్ల చావిడి దగ్గర మొక్కుకుని, హుసేను పేరు పెట్టుకుని దక్కించుకున్న పిల్లవాడు. మా అమ్మకు వాడు ఇలా పోవలసిన వాడు కాదు.

తొందరగా రాయి. ఇక్కడ కూర్చోలేక, నిలబడలేక ఉన్నాం.

నీ కోడలు,
ఈశ్వరమ్మ


సింహాద్రిపురం,
16 డిసెంబరు 1962

అమ్మాయి ఈశ్వరమ్మను బాలన్న మామ దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి బడికి సెలవు ఇచ్చేశాను. ఇవ్వడానికి పెద్దగా పిల్లలు కూడా లేరులే, అందరూ శనక్కాయ కల్లాల్లో ఉన్నారు. నాకింకా పంతులు ట్రైనింగు లేనప్పుడే వాడికి అక్షరాలు దిద్దించింది నేను. దిద్దుతూ దిద్దుతూ కిటికీలోంచి మేకల్ని లెక్కపెట్టేవాడు, చెవి మెలేసేవాణ్ని. ఆ చెవి పదేపదే గుర్తుకొస్తోంది.

సైకిలు వేసుకుని రెండు రోజులు తిరిగితే మీ నాయన దొరికాడు. ఊరికి పడమర ఒక రెడ్డిగారి చేనులో మంద నిలిపి, కుంటిగొర్రెను ఒడిలో వేసుకుని గిట్ట చెక్కుతున్నాడు. చెప్పాను. ఎట్లా చెప్పాలో దారి పొడుగునా అనుకున్నదంతా మరిచిపోయి, "బావా, హుసేనప్ప పోయినాడు" అనేశాను. ఆయన తల ఎత్తలేదు.

"వానికి నేనెప్పుడో నీళ్లు పోసుకున్నా గదప్పా. మళ్ల ఏంది పోసుకునేది?" అన్నాడు. అని, గిట్ట చెక్కుతూనే ఉన్నాడు!

నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్ని మాటలన్నానో నాకే తెలియదు. మా అక్క మొహం చూసైనా రావయ్యా అన్నాను. రాతికి చెప్పినా ఒకటే. కాళ్లు లాగి పక్కనున్న మూట మీద కూర్చోబోతే మాత్రం చటుక్కున లాక్కున్నాడు. మడతపెట్టిన కొత్త కంబళి అది. "దాని మీద కూర్చోవాకు" అన్నాడు. ఆయన కప్పుకున్నది చూస్తే జల్లెడలాగా ఉంది, కొత్తది మాత్రం మూటగట్టి దాచుకున్నాడు, సంతలో అమ్మడానికి కాబోలు. కొడుకు పోయాడంటే కదలనివాడు కంబళి నలుగుతుందని కదిలాడు. నీళ్లైనా తాగకుండా వచ్చేశాను.

అక్కను చూసుకో. నువ్వు కడుపుతో ఉన్నదానివి, వేళకు తిను.

మామ,
బాలన్న


జమ్మలమడుగు,
24 డిసెంబరు 1962

మామకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. నాయన పని మీద ఉన్నాడని మాత్రం చెప్పాను. ఎన్నాళ్లు చెప్పను?

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. కులపెద్ద వచ్చి కూర్చున్నాడు. నాయన రాకపోతే మా ఆయనతోనైనా కానిద్దామని నేను అడిగితే, పెద్ద తల అడ్డంగా ఊపాడు. "తండ్రి ఒకసారి నీళ్లు పోసుకున్న్యాక మళ్ల దినాలు చేసే వాడుక మనలో ల్యాదమ్మా. సచ్చినోడు మళ్ల సచ్చేదేంది?" అన్నాడు. మంచిగానే అన్నాడు, కోపంతో కాదు. మామా, అంటే నా తమ్ముడికి చావు కూడా లేదు! బతికినన్నాళ్లు నాయన బతకనివ్వలేదు, ఇప్పుడు చావనివ్వడం లేదు.

అమ్మ అన్నం ముందు కూర్చుంటుంది, లేస్తుంది. వీధి తలుపు మూయనివ్వదు. రాత్రీ పగలూ వాడి పాత ఉత్తరాలు చదవమంటుంది. నాకు నోటికి వచ్చేశాయి. నీలగిరి కొండల్లో ట్రైనింగు. మొదట్లో బూట్లు కరిచి అరికాళ్లు పుండ్లు పడటం. మూట వీపున వేసుకుని మైళ్లకు మైళ్లు నడవమంటే మిగతావాళ్లు కూలబడుతుంటే, "నాకిది లెక్కా? మా నాయన ఎనకాల నడిచినోన్ని" అని రాసుకోవడం. తర్వాత కాశ్మీరంలో రెండు చలికాలాలు. పేరు చూసి తురకవాడనుకుని నమాజుకు పిలిచారంట, వీడు పోయి చివర నిలబడ్డాడంట. ప్రొద్దుటూరు వలి బాషా అక్కడే పరిచయమై, నవ్వి నవ్వి, వీణ్ని తనవాణ్ని చేసుకున్నాడు. ప్రతి ఉత్తరంలో ఆ బాషా పేరుంటుంది.

ఒక ఉత్తరంలో మాత్రం, ఈడ సలి ఎముకల్లోకి పోతాంది, మన ఉన్నితో నేసిన కంబళి ఒకటి పంపండి అని రాశాడు. అమ్మ మందకు కబురు పంపింది. నాయన ఉలకలేదు, పలకలేదు. ఇప్పుడు నువ్వేమో కొత్త కంబళి దాచుకున్నాడని రాస్తున్నావు.

ఆయనకు నా మాటగా చెప్పు మామా. కూతురికి కూడా నీళ్లు పోసుకోమను. నా కడుపులో బిడ్డకు తాత లేడని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, పంతులు మాటలు కలపవద్దు.

ఈశ్వరమ్మ


సింహాద్రిపురం,
6 జనవరి 1963

ఈశ్వరీ,

చెప్పాను. ఉన్నదున్నట్టే చెప్పాను, ఒక్క అక్షరం కలపలేదు. చెప్పకుండా ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆయన అప్పుడు గంజి తాగుతున్నాడు. నీళ్లు పోసుకోమందన్నా కదలలేదు. బిడ్డ మాట రాగానే చెంబు కింద పెట్టి, "అమ్మి కడుపుతో ఉండాదా?" అన్నాడు. ఆరో నెలన్నాను. కాసేపు మంద వైపు చూశాడు. తర్వాత, "మంచిదప్పా. అది చెప్పిందే సరి. అట్లే అనుకోనీ. నన్ను ఆ పక్కకు పిలవాకండి" అన్నాడు.

మరుసటి రోజు బడి అయ్యాక మళ్లీ పోయాను. చేను ఖాళీ. మందను తోలుకుని వేంపల్లె దిక్కుకు వెళ్లిపోయాడంట. ఇంకా కొన్నాళ్లు నిలుపుతానని మాట ఇచ్చి అట్లా పోయాడేమిటని రెడ్డిగారు నా మీద ఎగిరాడు, నేనేదో ఆయన జామీనుదారుణ్నయినట్టు. ముప్పై ఏళ్లలో ఓబయ్య మాట తప్పడం ఇదే మొదటిసారి అన్నాడు.

నీ మాటే ఆయన్ను తరిమింది. నీకు కోపం రావడం న్యాయమే, నాకూ వచ్చింది. కానీ కోపం మీద రాసిన ఉత్తరాన్ని రెండు రోజులు దిండు కింద పెట్టుకోవాలి అమ్మాయీ. ఇప్పుడాయన ఏ దిక్కున ఉన్నాడో కూడా మనకు తెలియదు. నాకు పాఠం చెబుతుంటే మనసు నిలవడం లేదు. నిన్న రెండో ఎక్కం అడిగి, పిల్లవాడు తప్పు చెప్పినా సరేనన్నాను.

మామ


జమ్మలమడుగు,
22 జనవరి 1963

మామకు నమస్కారాలు.

తిట్టావు, పడ్డాను. చెప్పమన్నది నేనే, నువ్వు చెప్పావు, సరిపోయింది. దాని సంగతి తర్వాత.

వలి బాషా తిరిగి వచ్చాడు. మా ఆయన ప్రొద్దుటూరు మిల్లులో విని పరుగెత్తుకొచ్చి చెబితే, అమ్మకు ఆస్పత్రి పని అని చెప్పి, బస్సెక్కి పోయాను. మంచుకు కుడికాలి వేళ్లు పోయాయి. మంచం మీద ఉన్నాడు. వాళ్లమ్మ హజరాబీ నన్ను చూసి ఏమీ అడగకుండానే వాటేసుకుని ఏడ్చింది. తన కొడుకు తిరిగొచ్చినందుకు నా ముందు సిగ్గుపడుతున్నట్టు ఉందామె.

బాషా చెప్పింది చెబుతాను. నాకు నిద్ర లేదు, నీక్కూడా లేకుండా పోతుంది, అయినా చెబుతాను.

తమ్ముడు నాయన చేసిన పనిని దాచుకోలేదంట మామా. అందరికీ చెప్పేవాడంట. ఏ దారి తెలియకపోయినా, ఏ వాగు దాటాలన్నా తానే ముందు నడిచేవాడంట. ఎందుకురా అంటే, "మా నాయన నాకు ఎప్పుడో నీళ్లు పోసుకున్న్యాడు. సచ్చినోన్ని మళ్ల సంపేదెట్ల?" అనేవాడంట. తెలుగు రాని వాళ్లకు కూడా ఎవరో ఒకరు ఆ మాట తిప్పి చెప్పేవాళ్లంట. ఓబయ్య కొడుకు ముందుంటే ఏం కాదని వాడి వెనకే నడిచేవాళ్లంట.

చివరి రోజు కొండ మీద నుంచి దిగిపోమని హుకుం వచ్చింది. మిగతావాళ్లు దిగేదాకా దారి దగ్గర ఎవరో ఒకరు తుపాకీతో నిలవాలి. తమ్ముడు నిలిచాడు. బాషా చేయి పట్టి లాగితే విడిపించుకున్నాడు. "నువ్వు పో బాషా. మీయమ్మ ఒకసారి కూడా ఏడ్చింది ల్యాదు. నేను సచ్చి నాలుగేండ్లయింది" అన్నాడంట. నవ్వుతూ అన్నాడంట మామా. బాషా అది రెండుసార్లు చెప్పాడు, నవ్వుతూనే అన్నాడని. వీళ్లు వాగు దాటేదాకా పైనుంచి తుపాకీ శబ్దం వినిపించింది. తర్వాత వినిపించలేదు. బాషా వెనక్కి తిరిగి చూశాడు, వాడు పడి ఉన్నాడు.

ఇప్పుడు ఇది నేనెవరికి చెప్పాలి? అమ్మకు చెబితే నాయనను జన్మలో క్షమించదు. నాయనకు చెబితే ఏమవుతాడో? ఆ నీళ్లే వాణ్ని ముందు నిలబెట్టాయి. ఆ నీళ్లే బాషాను ఇంటికి చేర్చాయి. నేను ఇంట్లో ఇటునుంచి అటు తిరుగుతున్నాను, డాక్టరమ్మ పడుకోమంటుంది. ఏం చేయాలో నువ్వే చెప్పు.

ఈశ్వరమ్మ


వేంపల్లె,
3 ఫిబ్రవరి 1963

అమ్మాయి ఈశ్వరమ్మకు,

ఈ ఉత్తరం వేంపల్లె బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. పక్కన టీకొట్టువాడు రేడియో గొంతు పెంచుతున్నాడు. అక్షరాలు వంకర పోతే అర్థం చేసుకో.

మీ నాయన దొరికాడు. నల్లకొండ పక్క బీడులో ఉన్నాడు. బస్సులో వస్తున్నంతసేపు సగం చెప్పి సగం దాచుదామనుకున్నాను. ఆయన్ను చూశాక చేతకాలేదు. గడ్డం పెరిగి, ఎముకలు లేచి, మనిషే వేరుగా ఉన్నాడు. నీ ఉత్తరం తీసి, బాషా చెప్పిందంతా చదివాను. వింటూ నేల మీద కర్రతో గీతలు గీస్తున్నాడు. అయిపోయాక, "నవ్వుతా అన్న్యాడంటనా?" అన్నాడు. అవునన్నాను. "ఆడ మళ్ల సదువు" అన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి చదువుతుంటే ఆయన ఏడ్చాడు. ఓబయ్య ఏడవడం నేను చూస్తానని ఎన్నడూ అనుకోలేదు ఈశ్వరీ. గొర్రెలు మేత మాని ఇటు తిరిగాయి.

మనం ఆయన్ను తప్పుగా అర్థం చేసుకున్నాం. నువ్వూ, నేనూ. మొండితనం కాదది, భయం. "నేనే సంపినానప్పా. బతికుండేవానికి నీళ్లు పోసుకుంటే వాడెట్ల బతుకుతాడు? ఈ చేతులతో మళ్ల పోసుకుంటే ఇంకెవురు పోతారో?" అన్నాడు. నువ్వు కడుపుతో ఉన్నావని విని మందను ఇంత దూరం తోలుకొచ్చింది అందుకు. తన నీడ నీ మీద, నీ బిడ్డ మీద పడకూడదంట. నువ్వు తిట్టి పంపితే, అమ్మయ్య, దూరంగా ఉండటానికి అదే మేలనుకున్నాడంట. నేనేమో ఆయన పలకనందుకు రాయి అని నీకు రాశాను. బుద్ధి లేని రాత రాశాను.

ఇంకా ఉంది. ఆ కొత్త కంబళి అమ్మడానికి కాదు. వాడు చలి అని రాశాడని అక్క పంపిన కబురు అందిందంట. మంచి ఉన్ని ఏరి నేయించాడు. మూటగట్టి పులివెందుల పోస్టాఫీసు దాకా నడిచి పోయాడు. మూట మీద రాయాలి, ఎవరికి పంపాలో పేరు చెప్పమని అక్కడి గుమాస్తా అడిగాడు. "నీళ్లు పోసుకున్నోని పేరు నేనెట్ల పలికేది బాలన్నా? నోట్లోకి వచ్చింది, బయటికి రాల్యా" అన్నాడు. నిలబడి నిలబడి, మూట ఎత్తుకుని తిరిగొచ్చేశాడు. అప్పట్నుంచి దాన్ని భుజాన మోస్తున్నాడు. ఎండల్లో కూడా దించలేదంట.

రమ్మంటే రానంటున్నాడు. కులపెద్ద మాట చెబితే, ఆయన అన్నదే నిజమన్నాడు. నాకు దారి కనపడటం లేదు. అక్కకు అంతా చెప్పేయి. ఇక దాచడం మన వల్ల కాదు.

బాలన్న మామ


జమ్మలమడుగు,
13 ఫిబ్రవరి 1963

మామా,

చెప్పాను. బాషా మాటలు, నాయన భయం, కంబళి, అన్నీ. అమ్మ క్షమించదనుకున్నాను చూడు, నేను అమ్మను కూడా తప్పుగానే అర్థం చేసుకున్నాను. కంబళి మాట దగ్గర చేయెత్తి నన్ను ఆపింది. తర్వాత లేచి, కొప్పు ముడేసుకుని, కులపెద్ద ఇంటికి నడిచింది. ఈ రెండు నెలల్లో అమ్మ గడప దాటడం అదే మొదలు. వెనకాలే నేనూ పోయాను.

"మా జేజినాయన తమ్ముడు కాశీకి పోయి రాకపోతే సచ్చినాడని దినాలు చేసిరి. ఆయన తిరిగొచ్చినాడు. అప్పుడేం చేసినారు?" అని అడిగింది. కులపెద్దకు ఆ కథ తెలుసు. ఉయ్యాల కట్టి, కొత్తగా పుట్టినట్టు పేరు పెట్టి, ఇంట్లోకి తీసుకున్నారని చెప్పాడు.

"అట్లయితే మా పిల్లోనికి ముందు పేరు పెడతాం. వాడు బతుకుతాడు. బతికినోడు సచ్చినాక నీళ్లు పోసుకోవచ్చు గదా?" అంది అమ్మ.

కులపెద్ద పొగచుట్ట ఆరిపోయేదాకా పీల్చాడు. చివరికి, "కట్టమ్మా ఉయ్యాల" అన్నాడు.

నాయనకు ఇట్లా చెప్పమంది అమ్మ: చావుకు రావద్దు, పురిటికి రమ్మను. పేరు పెట్టడానికి మేనత్త లేదు కాబట్టి తండ్రే పెట్టాలి. ఈ నెల ఆఖరు గురువారం.

మందను ఎవరు చూస్తారని అంటాడు. నువ్వు చూడాలి మామా. బడికి సెలవు పెట్టు. నవ్వకు, నిజంగానే అంటున్నాను.

ఈశ్వరమ్మ


జమ్మలమడుగు,
2 మార్చి 1963

బాలన్న మామకు నమస్కారాలు.

గొర్రెలు నిన్ను తిన్నాయా, నువ్వు వాటికి ఎక్కాలు నేర్పావా? కుంటిదాని గిట్ట తడి తగలకుండా చూడమని నాయన రోజుకు రెండుసార్లు ఇక్కడ గోడకు చెబుతున్నాడు. నువ్వు అక్కడ ఉండబట్టే ఇక్కడ జరిగింది. చూడలేకపోయావు కాబట్టి రాస్తున్నాను.

నాయన బుధవారం పొద్దు వాలేటప్పుడు వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు, నేను లోపల ఉన్నానని. నేనే బయటికి పోయి ఎదురుగా నిలబడ్డాను. నా పొట్ట చూసి కళ్లు దించుకుని, పక్కకు జరిగి లోపలికి వచ్చాడు.

మరునాడు ఉయ్యాల కట్టాం, తమ్ముడు పండుకున్నదే, అటక మీద నుంచి దించి. వీధి ఆడవాళ్లంతా వచ్చారు. హజరాబీ బెల్లం, పుట్నాలు తెచ్చింది. బాషా కర్ర ఊతంతో వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఉయ్యాలలో ఏం వేయాలో ఎవరికీ తెలియలేదు. నాయన భుజం మీది కొత్త కంబళి తీసి, మడత విప్పకుండా అందులో పెట్టాడు. జోలపాట అమ్మ ఒక్కతే పాడింది. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క పదం తప్పకుండా పాడింది.

ఇక పేరు. చెవిలో చెప్పినట్టు మెల్లగా చెప్పాలి కదా. నాయన వంగాడు. వంగి, అట్లాగే ఉండిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రాదు. పోస్టాఫీసులో ఇట్లాగే నిలబడి ఉంటాడనిపించింది నాకు. అమ్మ పోయి వీపు మీద చేయి వేసింది.

"హుసేనప్పా!"

చెవిలో చెప్పినట్టు కాదు మామా. మంద చెదిరిపోతే ఈ కొండ మీద నుంచి ఆ కొండకు పిలుస్తాడే, అట్లా పిలిచాడు. వీధి చివరి వాకిలి దాకా వినిపించిందంట. పిలిచి, తల పక్కకు వంచి ఆగాడు, బదులు కోసం ఆగినట్టు. తర్వాత అమ్మ అందరికీ పుట్నాలు పంచింది.

ఆ ఒక్క రోజు మా ఇంట్లో తమ్ముడు బతికి ఉన్నాడు. అమ్మ అన్నం తింది.

శుక్రవారం పెన్నకు పోయాం. ఆనాడు నాయన మునిగినప్పుడు ఏరు ఒడ్లు కొరుకుతోంది, ఇప్పుడంతా ఇసుకే. చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, చెంబుతో పోసుకున్నాడు. మొదటి చెంబు బాషా పోశాడు. ఈసారి నాయన తడిబట్టలతో నడిచి వస్తుంటే వీధిలో అందరూ లేచి నిలబడ్డారు.

ఇంటికి వచ్చాక ఉయ్యాల విప్పబోయాను. కంబళిని దినాల్లో ఎవరికైనా ఇచ్చేయాలేమోనని నాయనను అడిగాను. ఆయన తల తుడుచుకుంటూ నా వైపు చూశాడు. వచ్చినప్పటి నుంచి నన్ను సూటిగా చూడటం అప్పుడే.

"దాన్ని ఆడనే ఉండనీ అమ్మీ. ఉయ్యాల కూడా ఇప్పొద్దు. ఇంకో నెలలో కావాల గదా" అన్నాడు. అని దగ్గరికి వచ్చి, తడి చేయి నా తల మీద పెట్టాడు.

ఎల్లుండి బస్సుకు బయలుదేరుతాడు. అంతవరకు మందను జాగ్రత్తగా చూడు మామా.

నీ కోడలు,
ఈశ్వరమ్మ